ఎర్ర లేబుల్ బాధ
అనంతపురం వేరుశనగ గింజలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే విషపు బూజు కోసం వెతికే మా ల్యాబ్‌లో, ఎలక్ట్రానిక్ నోట్‌బుక్‌కు ఎక్కించే ప్రతి ప్రయోగానికీ ‘నడుస్తోంది’, ‘సఫలం’, ‘విఫలం’, ‘మళ్లీ చేయాలి’ అన్నవాటిలో ఒక లేబుల్ తగిలించి తీరాలి. పోలిక కోసం మేమే బూజు వేసి ఉంచే కంట్రోల్ ప్లేటులో పచ్చని బూజు దట్టంగా పెరిగి, రైతు ఇచ్చిన గింజల ప్లేటులో 7 రోజులైనా చుక్క కనబడకపోతే, అది శుభవార్తే కదా, దానికి మా సహోద్యోగి ఎర్రరంగు ‘విఫలం’ తగిలించి చక్కా ఇంటికి వెళ్లిపోతారు. కరెంటు పోయి, ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఆగిపోయినదానికీ అదే ఎరుపు! ఇక ప్లేట్లను ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి ఆవిరితో బూజును చంపి, పారేసి నెలలు గడిచినా, తెరమీద అవి ‘నడుస్తూనే’ ఉంటాయి. నెలాఖరున పై అధికారి గింజల సంగతి వదిలేసి ఆ రంగులనే లెక్కపెట్టి, ‘ఇన్ని విఫలమయ్యాయేమిటండీ?’ అని నన్ను నిలదీస్తారు. ప్రయోగం ముగిసిందా అనేదానికి ఒక గడి, ఫలితం ఏమిటనేదానికి మరో గడి పెడితే ఏం పోయేదో, ఆ సాఫ్ట్‌వేర్‌ను మా నెత్తిన పెట్టినవారే చెప్పాలి.