జక్స్టపోజ్ అంటే పోల్చడం కాదు

సినిమా సమీక్షల్లోనూ, చిత్రకళ మీద రాసే వ్యాసాల్లోనూ 'జక్స్టపోజ్' అనే ఆంగ్ల క్రియ ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. అయితే చాలామంది దాన్ని 'పోల్చు' అనే మాటకు బరువైన మారుపేరుగా వాడేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తోంది, ఎందుకంటే ఆ క్రియకు తనదైన పని ఒకటుంది, దాన్ని పోగొడితే ఆ మాట మనకు అక్కరే లేదు.

జక్స్టపోజ్ చేయడమంటే రెండు వస్తువులనో, దృశ్యాలనో, వాక్యాలనో పక్కపక్కన ఉంచడం. పోల్చేవారు ఏది ఎక్కువో ఏది తక్కువో తామే చెబుతారు. పక్కపక్కన ఉంచేవారు ఏమీ చెప్పరు, అర్థాన్ని చూసేవారికే వదిలేస్తారు. దాదాపు నూరేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ పలకని ఒకే షాట్‌ను, ఒకచోట సూప్ గిన్నె పక్కన, ఇంకొకచోట శవపేటిక పక్కన అతికించారు. ముఖం మారలేదు గానీ, చూసినవారికి మొదటి చోట ఆకలి, రెండో చోట దుఃఖం కనిపించాయని చెబుతారు. అక్కడ పోలిక ఎక్కడుంది?

మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. 'పక్కన, దగ్గరగా' అనే అర్థమున్న లాటిన్ 'యుక్స్టా'కు, 'పెట్టు' అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ కలిసి ఇది ఏర్పడింది. ఆంగ్లంలో 'జక్స్టపొజిషన్' అనే నామవాచకం 17వ శతాబ్దంలోనే ఉండగా, క్రియ 19వ శతాబ్దంలో గానీ వాడుకలోకి రాలేదు. ఆ 'యుక్స్టా' వెనకున్న ధాతువు, మన యోగం, యుగళం అనే మాటల్లోని సంస్కృత ధాతువు 'యుజ్' ఒకే మూలానివి. రోజూ బస్సులో పక్కవారిని 'కొంచెం అడ్జస్ట్ అవండి' అంటామే, ఆ 'అడ్జస్ట్' కూడా 'దగ్గరకు చేర్చు' అనే అర్థంలో 'యుక్స్టా' నుంచే పుట్టి, తరువాత 'న్యాయం' అనే అర్థమున్న లాటిన్ మాట ప్రభావంతో రూపు మార్చుకుంది.

వాడుకకు వస్తే, ఇది సకర్మక క్రియ, దీనికి కనీసం రెండు వస్తువులు కావాలి. ఒక్కదాన్నే చెప్పి ఊరుకుంటే వాక్యం కుంటుపడుతుంది. రెండోదానికి ముందు ఎక్కువగా 'విత్' వస్తుంది. పక్కన చేరినప్పుడు తేడా గానీ, కొత్త అర్థం గానీ తేలే వస్తువులకే ఇది బాగా నప్పుతుంది. 'ఈ ఏటి ఆదాయాన్ని నిరుటి ఆదాయంతో జక్స్టపోజ్ చేస్తే పెరిగినట్టు తెలుస్తుంది' అనే తరహా వాక్యం నా దృష్టిలో తప్పు. అక్కడ జరిగింది లెక్క, దానికి 'పోలిస్తే' అన్న మన మాట చక్కగా సరిపోతుంది. అదే కరువు వార్త పక్కనే ఈతకొలనున్న విల్లాల ప్రకటన అచ్చువేసిన పత్రికా పుటను వర్ణించాల్సి వస్తే, నేను నిస్సంకోచంగా జక్స్టపోజ్ అనే రాస్తాను.