గ్రైండర్‌తో మిల్లింగ్ చేయమంటున్న ఆ మెసేజ్ గురించి

ఈ నెలలో ఇది ఆరోసారి. ముందు మా బావమరిది పంపాడు, తర్వాత ఒక టర్నర్ మిత్రుడు (నీకు తెలియదా నాయనా!), నిన్న రాత్రి పదకొండింటికి చిన్ననాటి క్లాస్‌మేట్. అందరిదీ ఒకటే మెసేజ్: "లేత్ ఉన్నవాళ్లకి మిల్లింగ్ మెషిన్ దండగ! పాత యాంగిల్ గ్రైండర్‌ని టూల్ పోస్ట్‌కి బిగించండి, దానికి డ్రిల్ చక్ తగిలించండి, చక్‌లో ఎండ్ మిల్ పెట్టండి, అంతే!" కింద తొమ్మిది పాయింట్లు, పాయింటుకో నిప్పు బొమ్మ. (తెలియనివాళ్లకి: లేత్‌లో జాబ్, అంటే కోయాల్సిన ముక్క, తిరుగుతుంది; మిల్లింగ్‌లో కట్టర్ తిరుగుతుంది. ఎండ్ మిల్ అలాంటి కట్టరే. టూల్ పోస్ట్ అంటే లేత్ మీద టూల్‌ని పట్టుకునే దిమ్మ.) ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చే ఓపిక నాకు లేదు. ఇకమీదట ఎవరు పంపినా వాళ్లకి ఇదే తిరిగి వెళ్తుంది.

"డ్రిల్ చక్ చాలు, కోలెట్‌లు కంపెనీవాళ్ల వ్యాపారం." కోలెట్ అంటే కట్టర్‌ని చుట్టూ బిగించి పట్టుకునే చీలికల గొట్టం. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఈ వాక్యమే. డ్రిల్ బిట్‌తో పనిచేసేటప్పుడు ఒత్తిడంతా కొన నుంచి చక్ వైపే వస్తుంది. ఎంత నొక్కితే చక్ తన టేపర్ (వెనక దాన్ని పట్టే కోసు భాగం) మీద అంత గట్టిగా కూర్చుంటుంది. ఎండ్ మిల్ పక్క నుంచి కోస్తుంది. ఒక్కో పన్ను తగిలినప్పుడల్లా పక్కకి ఒక దెబ్బ. ఆ దెబ్బలకి వెనక టేపర్ వదులవుతుంది. పైగా మెలి తిరిగిన ఆ పళ్లే కట్టర్‌ని చక్‌లోంచి బయటికి లాగుతుంటాయి. నున్నటి, గట్టి షాంక్‌ని (కట్టర్ కాడని) చక్ మూడు జాస్ (దవడలు) మూడు గీతల మీద పట్టుకుంటే ఆ పట్టు ఎంతసేపు నిలుస్తుంది?

ఎంతసేపో నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఈ పనే చేశాను. షాఫ్ట్ మీద 4 మి.మీ. లోతు కీ వే, అంటే చీల కూర్చునే గాడి. కట్ మొదలైన చోట కొలిస్తే 4, అయిపోయిన చోట కొలిస్తే 5 పైన. డయల్ ముట్టుకోలేదు, స్లైడ్ కదల్లేదు. కట్టరే కొంచెం కొంచెంగా చక్‌లోంచి జారుతూ లోపలికి దిగిపోయింది. అప్పుడు తిరుగుతున్నది 700 ఆర్‌పిఎమ్ కాబట్టి నష్టం షాఫ్ట్‌తో పోయింది.

మెసేజ్‌లోని గ్రైండర్ తిరిగేది 11,000. మామూలు డ్రిల్ చక్‌లు చాలావరకు 3,000 దాటి తిప్పడానికి చేసినవి కావు. వేగం నాలుగింతలైతే జాస్‌ని బయటికి విసిరే బలం పదహారింతలవుతుంది. అంటే అది తిరిగే కొద్దీ పట్టు సడలుతుంది. ఇది చాలదన్నట్టు రెండో పాయింటులో "గార్డు తీసేయండి, చక్‌కి అడ్డం వస్తుంది" అని రాశాడు మహానుభావుడు. సడలే చక్, బయటికొచ్చే కట్టర్, పదకొండు వేల వేగం, ముందు అడ్డు లేదు, ఎదురుగా మీ మొహం. ఇన్ని తప్పుల్ని ఇంత పొందికగా ఒకచోట కూర్చడం కూడా ఒక విద్యే.

గ్రైండర్‌ని వదిలేసి, టూల్ పోస్ట్‌కి బిగించే చిన్న స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) ఒకటి సొంతంగా చేసుకోండి. దానికి కోలెట్ వాడండి. ఈఆర్20 అనే సైజు కోలెట్ చక్ 13 మి.మీ. వరకు షాంక్‌ని చుట్టూ పట్టుకుంటుంది. స్పిండిల్‌లో మోర్స్ టేపర్ (కోసు రంధ్రం) ఉంటే వెనక నుంచి డ్రా బార్, అంటే పొడవాటి బోల్టు, వేసి లాగి బిగించండి. సుత్తితో ఒక్కటి తట్టి వదిలేస్తే అది బిగింపు కాదు.

"స్పీడ్ ఎంత ఎక్కువైతే ఫినిష్ అంత అద్దం." 11,000 దగ్గర 10 మి.మీ. కట్టర్ అంచు నిమిషానికి 345 మీటర్లు పోతుంది. ఎంఎస్ (మామూలు మెత్తటి స్టీల్) మీద హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌కి తగినది 25, మహా అయితే 30. లెక్క కడితే ఎనిమిది వందల ఆర్‌పిఎమ్ చుట్టుపక్కల. అద్దంలో మీ మొహం కనబడేలోపు కట్టర్ మొహం నల్లబడుతుంది. 1,440 తిరిగే మోటార్ తీసుకుని స్పిండిల్ మీద రెట్టింపు సైజు పుల్లీ వేస్తే 720 వస్తుంది, గొడవ వదిలింది. 3 మి.మీ. కార్బైడ్ (ఇంకా గట్టిగా, వేడికి తట్టుకునే రకం) కట్టర్‌కైతే 11,000 సబబే, సుమారు 104 మీటర్లు వస్తుంది. కానీ ఆ మెసేజ్‌లో 3 మి.మీ. ఊసూ లేదు, కార్బైడ్ ఊసూ లేదు.

"ఒక హెచ్‌పీకి తగ్గితే మోటార్ ఆగిపోతుంది." 10 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. లోతు, నిమిషానికి 60 మి.మీ. ఫీడ్ (ముందుకి నడక). ఎంఎస్‌లో ఈ కట్‌కి అంచు దగ్గర ఖర్చయ్యేది ముప్ఫై వాట్ల చిల్లర. బెల్ట్ నష్టాలు, మొద్దుబారిన కట్టర్ అన్నీ కలుపుకున్నా పావు హెచ్‌పీ ధారాళం. అంతకు మించిన కట్‌ని మోటార్ లాగినా టూల్ పోస్ట్ భరించదు.

"గ్రైండర్ బేరింగ్‌లే సరిపోతాయి." షాఫ్ట్ కొన పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. టక్‌మన్నదా? అక్కడితో ఆ చర్చ ముగిసింది. మీరు చేసుకునే స్పిండిల్‌కి 30204 నంబరు టేపర్ రోలర్ బేరింగ్‌లు రెండు, ఎదురెదురుగా వేయండి. వెనక నట్‌ని ఆట పోయేదాకా, అయినా చేత్తో తిరిగేంతవరకే బిగించాలి. హౌసింగ్‌లో (బేరింగ్‌లని పట్టే పెట్టెలో) ఆ బేరింగ్‌లు కూర్చునే రెండు సీటింగ్‌లనీ జాబ్ విప్పకుండా ఒకే బిగింపులో బోర్ చేయండి. దానికి లేత్ మీ దగ్గరే ఉందిగా.

ఆరో పాయింటు కొంచెం తెలివైనది, అందుకే ప్రమాదం. కట్టర్ తోసే దిక్కుకే ఫీడ్ ఇస్తే ఫినిష్ బాగుంటుందన్నాడు. బాగుంటుంది, బ్యాక్‌లాష్ (స్క్రూ, నట్ మధ్య ఆట) లేని మెషిన్‌లో. మన క్రాస్ స్లైడ్ (టూల్ పోస్ట్‌ని అడ్డంగా జరిపే భాగం) స్క్రూలో 0.2 మి.మీ. ఆట ఉందనుకోండి, కట్టర్ స్లైడ్‌ని అంత దూరమూ ఒక్క గుంజులో లాక్కుంటుంది. పంటికి 0.03 కొరకాల్సింది 0.2 కొరికితే ఆ పన్ను ఉండదు. ఎదురు ఫీడే ఇవ్వండి. జిబ్ (స్లైడ్ పక్క ఆట తీసే పట్టీ) బిగించండి, కదలక్కర్లేని స్లైడ్‌లన్నీ లాక్ చేయండి.

జాబ్ తిరగకుండా లేత్ బ్యాక్ గేర్ (వేగం తగ్గించే గేర్లు) వేసి, పిన్ను కూడా పెట్టి లేత్ స్పిండిల్ లాక్ చేయమన్నాడు. లాక్ అవుతుంది, గేర్ పళ్ల మధ్య ఆట మాత్రం అలాగే ఉంటుంది. ముందు లేత్ మోటార్ ప్లగ్గు పీకండి. పొరపాటున ఎవరైనా స్విచ్ వేస్తే గేర్ పళ్లు ఏరుకోవాలి.

"గ్లవ్స్ తప్పనిసరి." అయ్యా, వద్దు. తిరిగే కట్టర్‌కి గ్లవ్ దారం ఒక్కటి దొరికితే చాలు, వెనకాలే చెయ్యి పోతుంది. చిప్స్‌ని బ్రష్‌తో తీయండి, అదీ మెషిన్ ఆగాక. కళ్లద్దాల మాట తొమ్మిది పాయింట్లలో ఎక్కడా లేదు, చూశారా?

ఇంతా తిట్టాక ఒకటి ఒప్పుకోకపోతే నాకే నిద్ర పట్టదు. మిల్లింగ్ మెషిన్ అక్కర్లేదన్న మొదటి మాట ఒక రకం పనులకి అక్షరాలా నిజం. షాఫ్ట్ టర్నింగ్ అయ్యాక చక్‌లోంచి తీయకుండానే కీ వే, అడ్డం బెజ్జం, ఫ్లాంజ్ మీద బోల్ట్ బెజ్జాలు చేస్తే అన్నీ అదే సెంటర్‌కి వస్తాయి. లేత్ స్పిండిల్ మీద 60 పళ్ల గేర్ ఉంటే మూడు, నాలుగు, అయిదు, ఆరు భాగాలు పళ్లు లెక్కపెట్టుకుంటూ పోవడమే. అదే జాబ్‌ని విప్పి మిల్లింగ్ మెషిన్ ఎక్కిస్తే సెంటర్ మళ్లీ వెతుక్కోవాలి. నా దగ్గర ఇప్పుడు మిల్లింగ్ మెషిన్ ఉంది. అయినా ఇలాంటి పని వస్తే అటక మీంచి టూల్ పోస్ట్‌కి బిగించే పాత అటాచ్‌మెంటే దించుతాను. ఈ సంగతి మెసేజ్ రాసినాయనకి తెలిసినట్టు లేదు, తెలిస్తే దానికీ ఒక నిప్పు బొమ్మ పెట్టేవాడు.

తొమ్మిదోది, పూర్తయ్యాక రంగు వేయమని. వేసుకోండి. టేపర్ లోపల మాత్రం వేయకండి.