నాలుగు వేల గంటల తరవాత

పోస్ట్‌మ్యాన్ ఒక చిన్న కవరు తెచ్చిస్తాడు. లోపల ఆరంకెల పిన్ తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అయినా దాన్ని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే కుర్రాళ్లు ఇవాళ పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. యూట్యూబ్ ఛానల్ మీద సంపాదన 10 డాలర్లకు చేరగానే చిరునామా నిజమో కాదో తేల్చుకోవడానికి గూగుల్ పంపే కవరు అది. అది వచ్చిందంటే ఛానల్ మానిటైజ్ అయినట్టే, అంటే ప్రకటనల సొమ్ములో వాటా మొదలైనట్టే, ‘ఆ ఫోన్ పట్టుకుని ఏం చేస్తావురా’ అనే ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు ఊరుకున్నట్టే. ఆ పది డాలర్లు వంద అయ్యేదాకా బ్యాంకులో రూపాయి కూడా పడదని చాలామందికి తెలిసేది ఆ తరవాతే.

ఈ ఉత్సాహాన్ని మేం తేలిక చెయ్యడం లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. పొలం గట్టున పెద్ద బాణలి పెట్టి వండి, ఆ వంట అనాథ పిల్లలకు పెట్టిన ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి 2019లో కన్నుమూసేనాటికి ఆయన ఛానల్ సబ్‌స్క్రైబర్లు 60 లక్షలు దాటారు. ఏ స్టూడియో గడపా తొక్కకుండా ఇంత పేరు తెచ్చుకునే దారి ఇంతకుముందు మనకు లేదు.

అయితే లెక్క కూడా చూడాలి. గత మూడేళ్లలో భారత్‌లోని క్రియేటర్లకు, కళాకారులకు, మీడియా సంస్థలకు 21,000 కోట్ల రూపాయలకు పైగా చెల్లించామని యూట్యూబ్ అధిపతి నీల్ మోహన్ 2025 మేలో ముంబయిలో జరిగిన వేవ్స్ అనే మీడియా, వినోద రంగాల సదస్సులో ప్రకటించారు. అంకె ఘనంగానే ఉంది. గడచిన ఏడాదిలో మన దేశంలో వీడియోలు పెట్టిన ఛానళ్లు 10 కోట్లకు పైమాటేనని కూడా ఆయనే చెప్పారు. ఏడాదికి 7,000 కోట్లు, 10 కోట్ల ఛానళ్లు. మోటుగా భాగిస్తే ఛానల్‌కు ఏడాదికి 700 రూపాయలు, అంటే నెలకు నాలుగైదు టీల ఖర్చు! అందులోనే పెద్ద మ్యూజిక్ కంపెనీల వాటా, టీవీ సంస్థల వాటా కూడా ఉన్నాయి. 10 లక్షల సబ్‌స్క్రైబర్లు దాటిన ఛానళ్లు 15,000 పైచిలుకు ఉన్నాయట. మిగిలినవాళ్ల సంగతి ఊహించుకోవలసిందే.

ప్రకటనల సొమ్ములో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నది 2018 నుంచి ఉన్న నిబంధన. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. వచ్చినవాళ్లు తలా నాలుగు నిమిషాలు చూస్తారనుకున్నా 60,000 సార్లు చూడాలి. షార్ట్స్ అనే పొట్టి వీడియోల దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. ఈ గడప దాటలేనివాళ్లకు వాచ్ అవర్స్ అమ్ముతామనే దళారులు సిద్ధంగా ఉంటారు. వాళ్ల దగ్గర కొన్నవి బయటపడితే గంటలతో పాటు ఛానలే పోవచ్చు.

గడప దాటాక మామూలు వీడియోలకు 55 శాతం, షార్ట్స్‌కు 45 శాతం క్రియేటర్‌కు దక్కుతుంది. మన ఊళ్లలో పాలుకు చేసే సేద్యం లాంటిదే ఇది. విత్తనం, ఎరువు, చాకిరీ రైతువి, పొలం దొరది. కాకపోతే ఈ దొరతో గట్టు మీద నిలబడి మాట్లాడటం కుదరదు. పైగా పంట ధర ఎవరు తిన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రకటనదారు వేలంలో పాడే రేటు చూసేవారి దేశాన్ని బట్టి, కొనుగోలు శక్తిని బట్టి ఉంటుంది. అందుకే డాలస్‌లోని తెలుగు ప్రేక్షకుడి ఒక్క వ్యూ నల్గొండలోని ఎన్నో వ్యూస్ పెట్టు. ఆ అమెరికా వ్యూస్ మీద వచ్చేదాంట్లో భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద 15 శాతం అక్కడే కోసేస్తారు. గూగుల్‌కు ఇవ్వాల్సిన పన్ను ఫారం నింపడం మరిచిపోతే మొత్తం సంపాదనలో 24 శాతం దాకా పోవచ్చు.

రెండు నిమిషాల్లో తెమిలే ముచ్చటను ఎనిమిది నిమిషాలకు ఎందుకు సాగదీస్తారో, ‘చివరి దాకా చూడండి’ అని ఎందుకు బతిమాలతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఎనిమిది నిమిషాలు దాటితేనే మధ్యలో ప్రకటన పెట్టుకునే వీలుంది. బతికున్నవాళ్లను చంపే థంబ్‌నెయిళ్ల (వీడియో ముఖచిత్రాల) వెనక ఉన్నదీ ఈ ఆరాటమే. ఇక్కడ మేమూ శుద్ధపూసలమని చెప్పుకోం. పత్రికలు బతికేదీ ప్రకటనలతోనే.

అసలు ప్రమాదం ఆదాయంలోని ఈ వెలితితోనే మొదలైంది. లక్షల మంది ఫాలోయర్లున్నా నెలాఖరుకు చేతికొచ్చేది అంతంత మాత్రమైన చోట, ఒక్క వీడియోకు అంతకు ఎన్నో రెట్లు ఇస్తామంటూ బెట్టింగ్ యాప్‌లు దిగాయి. 2025 మార్చిలో సినీ నటులతో పాటు పలువురు యూట్యూబర్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టేదాకా, ఆ యాప్‌లకు ప్రచారం చెయ్యడం తప్పన్న స్పృహే చాలామందిలో కనిపించలేదు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలపై నిషేధం 2017 నుంచే ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంటోంది. కేసులు పెట్టాల్సిందే. కానీ బెట్టింగ్ పోయిన చోటికి జుట్టు మొలిపించే నూనె, షుగర్ తగ్గించే పొడి రావని ఎవరు చెప్పగలరు? డబ్బు తీసుకుని చేసే ప్రచారమైతే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధనలు పెట్టింది. మన వీడియోల్లో ‘దీనికి నేను డబ్బు తీసుకున్నాను’ అన్న తెలుగు వాక్యం ఎప్పుడైనా విన్నామా? రెండు రాష్ట్రాల అధికారులూ ముందు ఈ ఒక్క వాక్యాన్ని పలికించాలి.

యూట్యూబ్ చెయ్యాల్సింది కూడా ఉంది. వీడియో పక్కన ఆకుపచ్చ డాలరు గుర్తు పసుపు రంగుకు మారితే, ప్రకటనలు తగ్గాయనో ఆగాయనో అర్థం. బోనాల్లో యాటను కోసిన దృశ్యమా, పల్లె తగాదా కామెడీలో దొర్లిన తిట్టా, కారణం ఏదన్నది చాలాసార్లు క్రియేటరే ఊహించుకోవాలి. మనిషి చేత సమీక్ష చేయించమని అడగొచ్చు. అది తేలేలోపు వీడియోకు జనం వచ్చే మొదటి రెండు రోజులూ దాటిపోతాయి. భారతీయ క్రియేటర్ల కోసం రెండేళ్లలో 850 కోట్లు పెడతామని మోహన్ అదే సదస్సులో మాటిచ్చారు. ఆ డబ్బులో కొంత తెలుగు తెలిసిన సమీక్షకుల మీద పెట్టి, ఏ నిమిషంలో ఏ మాట అడ్డొచ్చిందో తెలుగులోనే రాసి పంపే ఏర్పాటు చెయ్యాలి.