గది మీది, గడప అందరిది

ఇల్లు కొనే స్తోమత లేనివాడు అద్దె ఇంట్లోనే బతుకు వెళ్ళదీయాలన్న పాతకాలపు నమ్మకాన్ని రష్యా నగరాలు ఎప్పుడో తోసిపుచ్చాయి. అక్కడ, ముఖ్యంగా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, చేతిలో ఉన్న సొమ్ము ఫ్లాటుకు చాలకపోతే ఫ్లాటులోని ఒక గదిని కొనుక్కోవచ్చు. దానికి విడిగా రిజిస్ట్రేషను జరుగుతుంది, హక్కు మీ పేరున నమోదవుతుంది, తలుపుకు మీ సొంత తాళం పడుతుంది. వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి, నడవా మాత్రం మిగిలిన గదుల యజమానులతో ఉమ్మడి. కొమునాల్కా అని పిలిచే ఈ ఉమ్మడి ఫ్లాటులో గది కొనడం గతిలేనివారి పని అని చిన్నచూపు చూసేవారు కొందరున్నారు. వారి అజ్ఞానాన్ని తొలగించడం ఈ వ్యాసకర్త తన కర్తవ్యంగా భావిస్తున్నాడు.

ముందుగా ఈ ఆస్తి వంశచరిత్రను గమనించాలి. 1918 ఆగస్టు 20న బోల్షెవిక్ విప్లవ ప్రభుత్వం వెలువరించిన శాసనం నగరాల్లోని స్థిరాస్తిపై ప్రైవేటు యాజమాన్యాన్ని రద్దు చేసింది. ఒకప్పుడు ఒక్క సంపన్న కుటుంబం మసలిన విశాలమైన ఫ్లాట్లలోకి గదికో కుటుంబం చొప్పున జనాన్ని దించారు. పెద్ద హాళ్ళ మధ్య అడ్డుగోడలు లేచాయి, పైకప్పు మీది పూలతీగల అలంకారంలో సగం ఒక కుటుంబానికీ సగం పక్క కుటుంబానికీ దక్కింది. ఆ తరువాత 1991 జూలై 4 నాటి చట్టంతో ఇళ్ళ ప్రైవేటీకరణ మొదలై, కాలక్రమంలో ఈ గదులు కూడా అందులో నివసిస్తున్నవారి సొంతమయ్యాయి. విప్లవం ఉచితంగా పంచిన ఇరుకును విపణి ఇప్పుడు ధర కట్టి అమ్ముతోంది. రెండు విరుద్ధ సిద్ధాంతాలు ఒకే నడవాలో ఇంత సఖ్యంగా కలిసిన సందర్భం మరొకటి కనబడదు.

ఇక హక్కుల సంగతి. 2005 మార్చి 1 నుంచి అమలులో ఉన్న గృహస్మృతిలోని 42వ అధికరణం ప్రకారం, ఉమ్మడి భాగాలలో మీ వాటా మీ గది విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. అంటే ఇరవై చదరపు మీటర్ల గది గలవాడికి పది చదరపు మీటర్ల వాడికంటే మరుగుదొడ్డిలో రెట్టింపు వాటా ఉన్నట్టు లెక్క. దాని నిర్వహణ ఖర్చులోనూ అంతే రెట్టింపు భారం. అయితే పొద్దున్నే ఆఫీసుల వేళ ఆ తలుపు ముందు నిలబడినవారు ఈ నిష్పత్తిని గౌరవించిన దాఖలాలు లేవు. తన వాటాను కొలిచి విడదీసి ఇమ్మని అడిగే అవకాశాన్ని కూడా చట్టం ఇవ్వలేదు, గదిని ఉంచుకొని వాటాను మాత్రం అమ్ముకోవడాన్నీ నిషేధించింది. శాసనకర్తలు ఈ జాగ్రత్త తీసుకోకపోయి ఉంటే, నడవాలో మూడడుగుల మేర కొనుగోలు చేసి రాకపోకలకు సుంకం వసూలు చేసే మహానుభావులు ఈపాటికి వెలసి ఉండేవారు.

గది ధర ఎందుకు తక్కువగా ఉంటుందని అమాయకులు అడుగుతుంటారు. గదికి తగిన ధరే కడతారు. అందులోంచి పొరుగువారి విలువను మినహాయిస్తారు, అంతే. అందుచేత కొనేవాడు పరీక్షించవలసింది గోడలనూ కిటికీలనూ కాదు. ముందుగా వీధి తలుపు దగ్గర ఆగి కాలింగ్‌బెల్లులను లెక్కపెట్టాలి. ఒకే బెల్లు ఉంటే, ఏ కుటుంబానికి ఎన్నిసార్లు నొక్కాలో తెలిపే చీటీని శ్రద్ధగా చదవాలి. తరువాత వంటగదిలోకి వెళ్ళి బల్లలనూ, కరెంటు మీటర్లనూ చూడాలి. అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం మరుగుదొడ్డిలో వేలాడే బల్బులు. పాత కొమునాల్కాల్లో ఒక్కో గదికి ఒక్కో బల్బు ఉండేది, దాని స్విచ్చి ఆ కుటుంబం గదిలోనే, దాని కరెంటు ఆ కుటుంబం మీటరులోనే. ఒకరి వెలుగులో మరొకరు కూర్చునే ప్రమాదాన్ని ఈ విధంగా శాశ్వతంగా నివారించారు. గదులెన్నో బల్బులన్ని ఉన్న ఫ్లాటును చూసి కొందరు భయపడి వెనుదిరుగుతారు. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ తగవులన్నీ దశాబ్దాల కిందటే తీరి తీగల రూపంలో గోడకెక్కాయి. ఒకే బల్బు ఉన్నచోట మాత్రం తగవు ఇంకా మొదలు కాలేదనీ, దాన్ని మొదలుపెట్టే భాగ్యం కొత్తగా వచ్చినవారిదేననీ గ్రహించాలి.

పొరుగువారు నచ్చారనుకుందాం. మీరు వారికి నచ్చారా అన్నది ఇప్పుడు తేలవలసిన విషయం. గది అమ్మదలచినవారు ధరనూ షరతులనూ పేర్కొంటూ మిగిలిన గదుల యజమానులకు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. బయటివాడికంటే ముందు, అదే ధరకు కొనే హక్కు వారిది. దీనికి పౌరస్మృతి 250వ అధికరణం ఒక నెల గడువిస్తోంది. మాకు వద్దని అందరూ రాసిస్తే నెల ఆగనక్కరలేదు. కానీ ఉచితంగా లభించిన అధికారాన్ని ఒక్క సంతకంతో వదులుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఆ గదిని కొనే ఉద్దేశం గానీ, కొనే డబ్బు గానీ లేని ముసలాయన కూడా ఆ ముప్పై రోజులూ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకొని మంత్రివర్గంలో స్థానం దక్కినవాడిలా నడవాలో పచార్లు చేస్తాడు. ఆయనను కాదని అమ్మకం జరిపిస్తే, మూడు నెలలలోగా ఆయన కోర్టుకెళ్ళి కొనుగోలుదారు స్థానంలో తనను నిలపమని కోరవచ్చు.

ఈ చిక్కును తప్పించుకోవడానికి మానవ మేధ కనిపెట్టిన ఉపాయం దానం. పొరుగువారి ముందస్తు హక్కు అమ్మకానికే గాని దానానికి వర్తించదు కనుక, అంతకుముందు ముఖపరిచయం కూడా లేని ఇద్దరు వ్యక్తుల మధ్య అకస్మాత్తుగా అనురాగం పొంగి, ఒకరు మరొకరికి గదిని కానుకగా రాసిచ్చేస్తారు. అదే రోజున, ఆ కానుకతో ఎటువంటి సంబంధమూ లేకుండా, గ్రహీత హృదయంలోనూ ఔదార్యం మేల్కొని ఒక నోట్ల కట్ట దాతకు చేరుతుంది. ఇంతటి పరస్పర వాత్సల్యాన్ని న్యాయస్థానాలు అర్థం చేసుకోలేకపోవడం విచారకరం. అమ్మకాన్ని కప్పిపుచ్చడానికి చేసిన దానం చెల్లదని అదే పౌరస్మృతిలోని 170వ అధికరణం చెబుతోంది. పట్టుబడినప్పుడు ఇది అమ్మకమేనని నిరూపించడానికి అందరికంటే ఎక్కువ శ్రమపడేది ఆ ముసలాయనే. కొందరు పెద్దమనుషులు ఇంకో దారి తొక్కి, ఉత్తరంలో అసలుకు మించిన ధర రాసి పొరుగువారిని బెదరగొడతారు. ఆ తరువాత కాగితం మీద కూడా అదే ధర చూపించక తప్పదు కాబట్టి, అసలు ధరకు మించి కట్టిన సొమ్ము కొన్నవారికి తిరిగొస్తుందా లేదా అన్నది అమ్మినవారి మనస్సాక్షికి సంబంధించిన విషయం.

అప్పు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ఫ్లాటు కొనేవాడికి ఇచ్చినంత సులువుగా గది కొనేవాడికి బ్యాంకులు అప్పివ్వవు. మిగిలిన గదులన్నీ మీవై ఉండి చివరి గదిని కొంటున్నప్పుడు మాత్రం ఉత్సాహం చూపుతాయి. డబ్బు చాలక ఒక్క గదికి దిగినవాడికి అప్పు పుట్టకపోవడం, అప్పు అక్కరలేనివాడి వెంట బ్యాంకు పడటం ఆర్థికశాస్త్రపు మౌలిక సూత్రాలకు అనుగుణంగానే ఉన్నాయి.

గది కూడా అందనివారు ఫ్లాటులో వాటా కొనడం ఒకటుంది. వాటా గది కాదు. పన్నెండో వంతు మీదని కాగితం చెబుతుంది గాని, ఆ వంతు ఏ మూలన ఉందో చెప్పదు. ఎవరు ఎక్కడ ఉండాలో సహయజమానులు ఒప్పుకోవాలి, లేదా కోర్టు తేల్చాలి. ఇలాంటి చిటికెడు వాటాలు కొని, కాపురం పెట్టి, మిగిలినవారు భరించలేక తమ వాటాలను చౌకగా వదులుకునేదాకా పొయ్యి దగ్గర తిష్ఠవేసే వృత్తి ఒకటి అక్కడ బాగా వర్ధిల్లింది. 2022 సెప్టెంబరు 1 నుంచి మనిషికి కనీసం 6 చదరపు మీటర్లు రాని వాటాలను కొత్తగా సృష్టించరాదని చట్టం తెచ్చి, వారసత్వం వంటి కొన్ని సందర్భాలను మాత్రం మినహాయించారు. వృత్తి నిపుణులకు ఇది పెద్ద దెబ్బే.

వీటన్నిటినీ దాటి గది చేతికి వచ్చాక చాలామంది ఒక తప్పుడు ఆశతో రోజులు గడుపుతారు. ఎవరో ధనవంతుడు వచ్చి ఫ్లాటంతా కావాలని, అందరికీ వేరే ఇళ్ళు చూపించి ఖాళీ చేయిస్తాడన్నది ఆ ఆశ. అటువంటివారు నిజంగానే వస్తుంటారు. అందరూ ఒప్పుకున్నాక చివరగా ఒప్పుకునేవాడికి ఎక్కువ ముడుతుంది కాబట్టి ప్రతివాడూ ఆఖరివాడు కావాలనే చూస్తాడు, ధనవంతుడు విసిగి పక్క మెట్లదారిలోకి వెళ్ళిపోతాడు. ఇంతకంటే తెలివైన పని ఏమంటే, హక్కు మీ పేరున నమోదైన నాటినుంచి మీరు కూడా నోటీసు అందుకోదగిన పొరుగువారే అన్న సంగతిని గుర్తుంచుకోవడం. ఎదురుగది వారు అమ్మకానికి పెట్టి ఉత్తరం ఇచ్చినప్పుడు మర్యాదగా తీసుకోండి, అందినట్టు సంతకం చేయండి, వద్దని మాత్రం రాసివ్వకండి. గది చూడటానికి వచ్చిన కొత్తవారు నడవాలో ఎదురైతే, ఇంకా ఇరవై తొమ్మిది రోజులున్నాయని చెప్పండి.