ఆకుపచ్చ అడంగల్

మా తాతయ్య కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని ఒక్క కలంపోటుతో ఎత్తేసేదాకా, తెనాలి పక్కన ఒక పల్లెటూరికి ఆయనే లెక్కా పత్రమూ. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ అరుగు మీద కూర్చుని ఒకటే మాట అనేవాడు: "ఉద్యోగం పీకగలరు గానీ కరణీకాన్ని పీకలేరురా." ముసలాయన చాదస్తం అనుకునేవాళ్ళం. మాదాపూర్‌లో పద్నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టాక చెబుతున్నాను, ఆయనన్నది అక్షరాలా నిజం. కరణీకం ఎక్కడికీ పోలేదు. గుడ్డమూట వదిలేసి, బ్రౌజరు ట్యాబులో కాపురం పెట్టింది.

కుర్రకారు కోసం చిన్న వివరణ. అడంగల్ అంటే ఏ సర్వే నంబరులో ఎవరి భూమి ఎంత, ఈ పంటకాలంలో అందులో ఏం వేశారు, నీరు ఎక్కణ్ణించి అన్నవి రాసే రిజిస్టరు. తెలంగాణలో పహాణీ అంటారు. రూలు ప్రకారం కరణం చేలగట్ల మీద తిరిగి, కళ్ళతో చూసి రాయాలి. మా తాతయ్య అరుగు దిగకుండా, నిరుటి పుస్తకం చూసి రాసేవాడు. ఒకసారి పెసర వేసిన చేలో వరి అని రాస్తే, ఆ రైతు లబోదిబోమంటూ వచ్చాడట. "చేను ఏడాదికో మాట చెబుతుందిరా. అడంగల్ ఒక్క మాట మీద నిలబడుతుంది" అని సాగనంపాడట తాతయ్య. ఇంత గొప్ప ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సూత్రాన్ని నేను ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

మా ఆఫీసులో అడంగల్‌ను బోర్డు అంటారు. నిలువునా ఐదు గళ్ళు: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, రివ్యూలో ఉన్నవి, టెస్టింగ్‌లో ఉన్నవి, అయిపోయినవి. ప్రతి పనికీ ఒక చీటీ, దాన్ని టికెట్టు అంటారు. అది ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోయి, చివరి గడిలో ఆకుపచ్చ రంగులోకి మారి మోక్షం పొందుతుంది. ఈ చీటీల పద్ధతి జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో పుట్టింది. కాన్‌బాన్ అంటే అక్కడి భాషలో బోర్డు అనే. ఆ ఫ్యాక్టరీలో చీటీ కదిలిందంటే దాని వెంట ఒక పెట్టెడు విడిభాగాలు కదిలినట్టు. మా దగ్గర చీటీ కదిలిందంటే చీటీ కదిలినట్టు.

చరిత్ర ఇంకొంచెం చెప్పాలి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూర్చుని, సాఫ్ట్‌వేర్ పని ఎలా చెయ్యాలో చెప్పే ఎజైల్ (అంటే చురుకైన) ప్రకటన రాశారు. అందులో మొట్టమొదటి మాట ఏమిటంటే, పద్ధతుల కన్నా పనిముట్ల కన్నా మనుషులూ, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమూ ముఖ్యమని. ఆ మాట తడి ఆరకముందే, 2002లో, ఆస్ట్రేలియాలో అట్లాసియన్ కంపెనీ వాళ్ళు ఇలాంటి చీటీలు రాసుకునే ఒక పనిముట్టు తెచ్చారు. దాని పేరు జిరా. గాడ్జిల్లా అనే సినిమా రాక్షసిని జపాన్‌లో గొజిరా అంటారు, ఆ పేరుకు తల తీసేసి తోక ఉంచుకున్నారు. రాక్షసి అని ముందే పేరులో చెప్పాక కొనుక్కున్నవాడిదే బాధ్యత. ఇంకో పనిముట్టు ఆసన. ఫేస్‌బుక్ స్థాపకుల్లో ఒకరు అందులోంచి బయటికొచ్చి, ఇంకొకరితో కలిసి 2008లో పెట్టిన కంపెనీ అది, పేరు మన యోగాసనం లోంచే తీసుకున్నారు. ఏ ఆసనమో మాత్రం చెప్పలేదు. స్లాక్ కథ అన్నిటికన్నా కమ్మగా ఉంటుంది. దాని సృష్టికర్తలు మొదట ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేశారు. ఆట 2012లో మూతపడింది. ఆట తయారుచేస్తూ తమలో తాము కబుర్లాడుకోవడానికి కట్టుకున్న సరంజామా మిగిలింది. దాన్నే జనానికి అమ్మారు. 2021లో సేల్స్‌ఫోర్స్ కంపెనీ దాదాపు 2,770 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మా ఊరి చెరువుగట్టు మీద అంతకన్నా నాణ్యమైన కబుర్లు నడిచేవి, ఎవరూ చిల్లిగవ్వ ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ప్రాజెక్టులో, డబ్బు అందిందని చూపించే తెర ఒకటుంది. దాని మీద రిసీవ్డ్ అనే ఇంగ్లీషు మాటలో ఇ, ఐ అక్షరాలు తారుమారయ్యాయి. క్లయింటు వైపు ఒకావిడ పట్టేసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే, టెస్టింగ్ అమ్మాయి కుర్చీ ఇటు తిప్పి "అన్నా, స్పెల్లింగు తప్పు" అనేది. అన్న "అయ్యో" అనేవాడు. టీ చల్లారేలోపు అయిపోయేది. అది అనాగరిక యుగం. ఏదీ రికార్డు అయ్యేది కాదు. ఇప్పుడు అన్నీ రికార్డు అవుతాయి, కాకపోతే "అయ్యో" అని రాయడానికి గడి లేదు.

ముందు టికెట్టు పుట్టాలి. టికెట్టు అనాథగా పుట్టకూడదు, దానికి పైన ఒక కథ ఉండాలి, కథకు పైన ఒక ఇతిహాసం ఉండాలి. ఇవి నేను ఎగతాళికి పెట్టిన పేర్లు కావు, స్టోరీ, ఎపిక్ అనే పిలుస్తారు. ఆ విధంగా రెండు అక్షరాల కోసం ఒక ఇతిహాసం వెలిసింది. కథకు ఒక నిర్ణీత ఛందస్సు కూడా ఉంది, అదీ పాటించాం: "ఒక వినియోగదారుగా నేను, నాకు డబ్బు అందినదన్న వార్తను తప్పులు లేకుండా చదువుకోగోరుతున్నాను, తద్వారా నాకు నమ్మకం కలుగును." వాల్మీకికి క్రౌంచపక్షి దొరికింది, మాకు ఇ, ఐ దొరికాయి.

తర్వాత పాయింట్లు. పని ఎంత పెద్దదో గంటల్లో చెప్పడం మోటుతనం. 1, 2, 3, 5, 8, 13 అనే వరుసలో ఒక అంకె చెప్పాలి. ఇటలీవాడైన ఫిబొనాచి పేరున ఈ వరుస చెలామణి అవుతోంది. ఆయన పుస్తకం 1202 నాటిది. అంతకు ముందే హేమచంద్రుడు, ఆయనకన్నా ముందు విరహాంకుడు, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు పెట్టి, ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా నింపవచ్చో లెక్కగట్టి ఇదే వరుస చెప్పారు. పద్యపాదం కొలవడానికి పుట్టిన అంకెలు ఇప్పుడు మా బద్ధకాన్ని కొలుస్తున్నాయి. మీటింగులో ఈ సంగతి చెప్పాను. "గుడ్ పాయింట్, దాన్ని వేరే మీటింగులో పెట్టుకుందాం" అన్నారు మేనేజరుగారు. తొమ్మిది మందిమి నలభై నిమిషాలు తర్జనభర్జన పడ్డాం. ఒక అక్షరాన్ని కదిపితే ఒక పాయింటు, రెండోది దానంతట అదే సర్దుకుంటుంది కదా అని ఒక వర్గం. కదిలేవి రెండు కాబట్టి రెండు అని ఇంకో వర్గం. చివరికి రెండు గెలిచింది. ఎందుకు గెలిచిందో చెబుతాను.

మా జట్టు రెండు వారాలకు ఒకసారి ఎన్ని పాయింట్లు పండించిందో దాన్ని వెలాసిటీ అంటారు. రెండు వారాలంటే మన లెక్కలో ఇంచుమించు ఒక పక్షం, వాళ్ళు స్ప్రింటు అంటారు, అంటే పరుగు. నిరుడు పైనుంచి, వెలాసిటీ పెంచాలని కబురొచ్చింది. పెంచాం. అంతకుముందు ఒక పాయింటు పలికే పని రెండు పలకడం మొదలుపెట్టింది, రెండు పలికేది మూడు. గీత పైకి లేచింది. ఆ గీతను తెర మీద వేసి, జమాబందీకి, అంటే ఊరి లెక్కల తనిఖీకి, వచ్చిన తహసీల్దారు దస్త్రం చూసి తల ఊపినట్టు, పెద్దలు తల ఊపారు. దిగుబడి పెరిగింది. గింజ మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

చెయ్యకుండా మిగిలినవాటిని బ్యాక్‌లాగ్ అంటారు. కాలేజీలో తప్పిన పరీక్షల్నీ అలాగే అనేవాళ్ళం, మా తరం ఇంజనీరింగు పిల్లలకు ఆ మాట వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎన్ని బ్యాక్‌లాగులున్నాయో నాన్నకు తెలియకుండా నాలుగేళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి నేను. అవే బ్యాక్‌లాగులు ఇవాళ మూడొందల పైచిలుకు ఉన్నాయి, ప్రతి సోమవారం వాటిని పెద్ద తెర మీద వేసి అందరం కలిసి చదువుకుంటున్నాం, ఎవరికీ సిగ్గు లేదు. దాన్ని పారదర్శకత అంటారట.

సరే, ఆ రెండు అక్షరాల టికెట్టు పందొమ్మిది రోజులు ప్రయాణం చేసింది. రోజూ పొద్దున్నే నిలబడి పదిహేను నిమిషాల్లో ముగించాల్సిన స్టాండప్ అనే సమావేశం మాకుంది (ఎవరూ నిలబడరు, పదిహేను నిమిషాల్లో ముగియదు, పేరు మాత్రం మార్చలేదు). అందులో ఆ టికెట్టు తొమ్మిదిసార్లు ప్రస్తావనకు వచ్చింది. దాని మీద పని చేసేవాడు ఒకడు, "వాచర్లు" పదకొండు మంది. రోడ్డు మీద ఒక జేసీబీ గొయ్యి తవ్వుతుంటే చుట్టూ ఎంతమంది నిలబడతారో ఇంచుమించు అంతమంది. ఇరవయ్యో రోజున చీటీ ఆకుపచ్చగా మారింది. అందరం బొటనవేలు బొమ్మ పెట్టాం.

ఈ బొటనవేలు గురించి ఒక్క మాట. మా తాతయ్య దగ్గరికి సంతకం రాని రైతులు వచ్చి, సిరా పూసుకుని వేలిముద్ర వేసి పోయేవారు. నిశానీ అనేవారు దాన్ని. పైన ఏం రాసుందో వాళ్ళకు తెలిసేది కాదు, పాపం, చదువు లేదు. మాకు బీటెక్‌లున్నాయి, కొందరికి ఎమ్మెస్‌లున్నాయి. నలభై వరుసల మెసేజీ కింద చదవకుండానే వేలిముద్ర వేస్తున్నాం.

అంతా బాగానే ఉంది గానీ, క్లయింటు ఆవిడ తెర తెరిచి చూస్తే ఆ తప్పు ఉన్నచోటనే ఉంది. మా బోర్డు ప్రకారం పని అయిపోయింది. దాన్ని లైవ్‌లోకి ఎక్కించాల్సింది వేరే జట్టు, వాళ్ళకు వేరే బోర్డు, అక్కడ అదే పని మొదటి గడిలో కూర్చుని ఉంది. ఆవిడ ఫిర్యాదు చేస్తే, "అది క్లోజ్ అయిన టికెట్టు, దయచేసి కొత్తది పెట్టండి" అని మర్యాదగా రాశాం. చేను ఏడాదికో మాట చెబుతుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఇదీ చెబుతాను. ఊళ్ళో గట్టు తగాదా వచ్చి కర్రలు లేచినప్పుడు అందరూ పరుగెత్తుకొచ్చింది తాతయ్య గుడ్డమూట దగ్గరికే. మాకూ అంతే. ఒక జట్టులో సగం మంది హైదరాబాద్‌లో, సగం మంది డాలస్‌లో, ఒకరు పడుకుంటే ఇంకొకరు లేస్తారు. మూడు నెలల నోటీసు ఇచ్చి ఒకడు వెళ్ళిపోతే, వాడు ఆ పిచ్చి కోడు ఎందుకు అలా రాశాడో చెప్పేది, ఆ టికెట్టు అడుగున వాడు రాత్రి పదకొండింటికి విసుగ్గా రాసిన రెండు ముక్కలే. అవి లేకపోతే మేం గుడ్డివాళ్ళం. కాకపోతే పని చేసేవాడు రాసుకునే రెండు ముక్కలు వేరు, తహసీల్దారు కోసం నింపే గళ్ళు వేరు. ఈ తేడా తాతయ్యకు బాగా తెలుసు, అందుకే ఆయన అసలు లెక్కలు చొక్కా జేబులో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

మా చొక్కా జేబు వాట్సాప్. మేనేజరు లేని గ్రూపు ఒకటుంది, ఎవరైనా భుజం మీదుగా చూసినా అనుమానం రాకుండా దానికి "శుక్రవారం బిర్యానీ" అని పేరు. నెల దాటాక టెస్టింగ్ అమ్మాయికి విసుగొచ్చి, ఆ రెండో జట్టులో తన కాలేజీ జూనియర్ ఉన్నాడని కనుక్కుని, "తమ్ముడూ, కాస్త ఆ ముక్క ఎక్కించెయ్ నాన్నా" అని మెసేజీ పెట్టింది. "సరే అక్కా" అన్నాడు. మేం టీకి వెళ్ళి వచ్చేలోపు తెర మీద స్పెల్లింగు సరిగ్గా ఉంది.

దాంతో ఇప్పుడు పెద్ద సంక్షోభం వచ్చిపడింది. పని అయిపోయింది, వాళ్ళ బోర్డు మీద మాత్రం అవ్వలేదు. టికెట్టు లేకుండా పని ఎలా అయిందని అడిగితే ఆ తమ్ముడి ఉద్యోగానికి ముప్పు. అందుకని ఆ చీటీ ఇంకా మొదటి గడిలోనే ఉంది, ప్రాధాన్యం పెంచారు, మొన్న ఎర్రరంగు కూడా వేశారు. దాని మీద వచ్చే మంగళవారం రెండు జట్లకూ కలిపి ఒక గంట సమావేశం పెట్టారు. వరి పండిన చేలో బీడు అని రాసి, బీడు ఎందుకు పడిందని విచారణ.

నేనూ ఆ సమావేశానికి వెళ్తున్నాను, అంటే నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెళ్తోంది. చాట్‌లో మనిషి సీట్లో ఉంటే ఆ చుక్క వెలుగుతుంది, మౌసు కదలకపోతే కాసేపటికి పసుపుపచ్చబడుతుంది. పసుపుపచ్చబడితే ఫోను వస్తుంది. దీనికి మా జట్టులో ఒక పెద్దమనిషి చిట్కా చెప్పాడు: సెకన్ల ముల్లున్న చేతి గడియారం బల్ల మీద పెట్టి, దాని అద్దం మీద మౌసు ఆనించాలి. ముల్లు తిరుగుతున్నంతసేపూ మౌసు తనే కదులుతున్నాననుకుంటుంది. మా ఇంట్లో ఉన్న అలాంటి గడియారం ఒకటే, తాతయ్య హెచ్‌ఎంటీ. నలభై ఏళ్ళు ఖాళీగా ఉంది. ఈ నెల నుంచి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. రోజూ పొద్దున స్టాండప్‌కు ముందు మర్చిపోకుండా కీ ఇస్తున్నాను.