తంపర దగ్గర 20 నిమిషాలా?

ఇవాళ పొద్దున నెదర్లాండ్స్ తెలుగువాళ్ల గ్రూపులో ఒక ప్లాన్ పిన్ చేశారు. "మూడు రోజుల్లో డచ్ పల్లెల సైకిల్ టూర్, ఫ్యామిలీతో" అని. మొదటి రోజు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హోగె వేలువె అడవి. రెండో రోజు గీత్‌హోర్న్‌లో పడవెక్కి అక్కణ్ణుంచి అస్సెన్. మూడో రోజు ఫోఖ్తెలోయర్‌వేన్ అనే తంపర (చిత్తడి నేల), దానికి కేటాయించింది "20 నిమిషాలు, ఫొటో స్టాప్". రోజుకు 110 కిలోమీటర్లు. కింద వరసగా "సూపర్ అన్నా", "సేవ్ చేసుకున్నా బ్రో". ఒక్కరంటే ఒక్కరు ఇది కుదరదు బాబూ అనలేదు. చదివిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

లెక్క చూడండి. అద్దె సైకిల్ మీద, వెనక క్యారియర్‌కి రెండు సంచులు తగిలించుకుని మామూలు మనిషి తొక్కేది గంటకు 15 కిలోమీటర్లు. 110 అంటే ఏడు గంటలకు పైగా సీటు మీదే. తిండి, నీళ్లు, పిల్లలకి బాత్రూమ్, ఏవీ కలపకుండా. ఎదురుగాలి తగిలితే 15 కాస్తా 11 అవుతుంది, అప్పుడు పది గంటలు. పదేళ్ల పిల్లని పట్టుకుని ఇది చేయమంటారా? "ఫ్యామిలీతో" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది?

గాలి సంగతే అసలు ఆ పోస్టులో లేదు. ఆ దేశంలో కొండలు లేవని అందరూ చెప్తారు, కొండ చేసే పని అక్కడ గాలి చేస్తుందని ఎవరూ చెప్పరు. ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు సైకిల్‌ని రైల్లో వేసుకుని నైరుతి చివరికి వెళ్లి, ఈశాన్యం వైపు తొక్కుకుంటూ వస్తారు. రైల్లో సైకిల్‌కి వేరే టికెట్ తీసుకోవాలి. మామూలు రోజుల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్య ఎక్కనివ్వరు. జులై, ఆగస్టుల్లో ఆ అడ్డు లేదు. సైకిల్ బొమ్మ ఉన్న తలుపు దగ్గరే ఎక్కాలి, ఆ పెట్టెలో నాలుగైదు సైకిళ్లకి మించి చోటుండదు, కాబట్టి పది మంది ఒకే రైలెక్కుదామని బయల్దేరకండి.

ఇంకా ఘోరం వేలువె దగ్గర. "పార్కులో తెల్ల సైకిళ్లు ఫ్రీ, తీసుకుని అలాగే పోస్‌బాంక్ గుట్టల దాకా వెళ్లొచ్చు" అని రాశారు. వెళ్లకూడదు! హోగె వేలువె పార్కులో 1974 నుంచి ఉన్న ఆ తెల్ల సైకిళ్లు పార్కు లోపల తిరగడానికే, గేటు దాటించకూడదు. సైకిల్ ఫ్రీనే గానీ పార్కుకి టికెట్ ఉంది, లోపల వాన్ గో బొమ్మలున్న క్రోలర్-ముల్లర్ మ్యూజియానికి ఇంకో టికెట్ ఉంది, ఆ మ్యూజియం సోమవారం మూసేస్తారు. ఆ ప్లాన్‌లో మ్యూజియం పెట్టింది ఏ వారమో తెలుసా? సోమవారమే.

ఆ తెల్ల సైకిళ్లకి, అక్కడి చాలా అద్దె సైకిళ్లకి హ్యాండిల్ మీద బ్రేకు ఉండదు. పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగుతుంది. మనవాళ్లు అలవాటు కొద్దీ వేళ్లతో గాల్లో బ్రేకు వెతుక్కుని ముందువాడిని గుద్దుతారు. దానికన్నా ఇబ్బంది ఆగిన తర్వాత ఉంది. మామూలు సైకిల్‌కి పెడల్‌ని కాలి బొటనవేలితో వెనక్కి తిప్పుకుని, పైకి తెచ్చుకుని బయల్దేరతాం. దీనికి వెనక్కి తిరగదు, బ్రేకు పడుతుంది. అందుకని ఆగే ముందే కుడి పెడల్ కాస్త ముందుకి, పైకి ఉండేలా చూసుకుని ఆగాలి. మర్చిపోతే వెనక చక్రం కాస్త పైకెత్తి పెడల్‌ని ముందుకి తిప్పితే పైకొస్తుంది. అద్దె కొట్టు ముందు ఖాళీ జాగాలో పది నిమిషాలు సాధన చేస్తే వచ్చేస్తుంది. ఆ పది నిమిషాలు చెప్పకుండా పిల్లల్ని రోడ్డెక్కించమంటే ఎలా?

గాలి కొట్టేటప్పుడు మాత్రం మనవాళ్లకి సుళువు. చాలా డచ్ సైకిళ్లకి ఉండేది మన పాత హీరో, అట్లాస్ సైకిళ్లకి ఉన్న వాల్వే. పై బిరడా విప్పితే గాలి మొత్తం పోతుందన్న సంగతి మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. 37 మిల్లీమీటర్ల టైరుకి మూడున్నర, నాలుగు బార్ల ఒత్తిడి చాలు. గట్టిగా కొడితే ఇటుక పరిచిన పల్లె దారుల మీద నడుము విరుగుతుంది, మరీ మెత్తగా ఉంటే అడవిలో చెట్ల వేళ్లు తారుని పైకి లేపిన చోట ట్యూబు రిమ్ముకి నలిగి రెండు చిల్లులు పడతాయి.

దారి గురించి ఆ పోస్టులో ఒకే మాట: "మ్యాప్స్ ఆన్ చేస్తే చాలు." ఇక్కడే కడుపు రగిలింది నాకు. ఫోను మ్యాపుకి కావలసింది దగ్గర దారి. అది మిమ్మల్ని తీసుకెళ్లి లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన సైకిల్ బాటలో పడేస్తుంది, రోజంతా చెవుల్లో హోరే. ఆ దేశం నిండా నంబర్ల దారి ఉంది కదా! హ్యూగో బోలెన్ అని బెల్జియం గనుల ఇంజినీరు. గని సొరంగాల్లో కూడళ్లకి నంబర్లు వేసే పద్ధతిని సైకిల్ దారులకి తెచ్చాడు. 1995లో బెల్జియం లింబర్గ్‌లో మొదలై, తర్వాత నెదర్లాండ్స్ అంతా పాకింది. తెల్ల పలక మీద ఆకుపచ్చ గుండ్రంలో నంబరు, పక్కన బాణం. కూడలికి చేరగానే మ్యాపు బోర్డు ఉంటుంది, తర్వాతి నంబరు చూసుకుని కదలడమే. పొద్దున చిన్న కాగితం ముక్క మీద 24, 57, 81, 12 అని వరసగా రాసి హ్యాండిల్‌కి టేపుతో అంటించుకుంటే ఆ రోజుకి ఫోను జేబులోంచి తీయక్కర్లేదు. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకోవడం 2019 జులై నుంచి నేరం కూడా, జరిమానా వేస్తారు.

తప్పులు జరిగే చోట్లు కూడా చెప్తాను, ఆ పోస్టులో రాయాల్సింది ఇవి. పలక లేదంటే నేరుగా పొమ్మని అర్థం. మలుపు దగ్గరే పలక పెడతారు, కిలోమీటరు దూరం ఏమీ కనపడకపోయినా కంగారు పడకండి. రెండు కిలోమీటర్లు దాటినా రాకపోతే పొదలు కమ్మేసిన పలకని దాటేసి వచ్చారని లెక్క, వెనక్కి తిరగండి. నంబర్లు రెండంకెలే, కొంత దూరం పోయాక మళ్లీ అవే వస్తాయి, కాబట్టి "57 దగ్గర కలుద్దాం" అంటే సరిపోదు, ఊరి పేరు కూడా చెప్పుకోవాలి. నడిచేవాళ్లకి వేరే నంబర్ల పలకలున్నాయి, వాటి వెంట పడితే ఇసుకలో సైకిల్ మోసుకోవాల్సిందే. వేలువె అడవిలో, అస్సెన్ ఉన్న ద్రెంతె ప్రాంతంలో నేల మీద పుట్టగొడుగు ఆకారంలో పొట్టి గుర్తులు కనిపిస్తాయి, 1919 నుంచి ఉన్నాయవి. ఊరి పేర్లూ కిలోమీటర్లూ వాటి నెత్తి మీదే రాసి ఉంటాయి.

ఇక ఫోఖ్తెలోయర్‌వేన్‌కి 20 నిమిషాలు. దీన్ని మాత్రం క్షమించలేను. అది వాన నీటి మీదే బతికే తంపర. ఏరు రాదు, కాలవ రాదు. స్ఫాగ్నమ్ అనే నాచు తన బరువుకి ఎన్నో రెట్లు నీరు పట్టుకుని, కింద చచ్చిపోతూ పైన పెరుగుతూ పోతుంది. ఆ చచ్చిన నాచే పీట్. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది, మీటరు మందానికి వెయ్యేళ్లు. దాన్ని మనుషులు పొయ్యిలోకి తవ్వి ఎండబెట్టి అమ్ముకున్నారు, మిగిలిన ముక్కకి ఇప్పుడు గట్లు కట్టి వాన నీరు నిలిపి ప్రాణం పోస్తున్నారు. ఆ నీరు నిలిచాకే 2001లో కొంగల్లా కనిపించే పెద్ద పక్షులు, క్రేన్లు, అక్కడ మళ్లీ గూడు పెట్టాయి. సైకిల్ స్టాండ్ వేసి, దారి దిగకుండా, గట్టు అంచున గొంతుక్కూర్చోండి. ఎర్రగా, గోరంత ఆకులు, చుట్టూ వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన మంచు బొట్టులాంటి జిగురు చుక్క. ఎండ ఎక్కినా ఆరదు. దాని మీద వాలిన దోమ ఇక లేవదు. పురుగుల్ని తినే మొక్క అది. ఫొటో స్టాప్ వాళ్లు దాన్ని బూటుతో తొక్కి వెళ్లిపోతారు.

గీత్‌హోర్న్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది నాలో ఏళ్లుగా ఉన్న మంట. ప్రతి తెలుగు రీల్‌లో "నెదర్లాండ్స్ వెనిస్" అంటారు. ఏం వెనిస్? ఆ కాలవలు పీట్ పడవల కోసం కూలీలు తవ్వినవి. నీళ్ల అడుగు నుంచి పీట్ బురద తోడి, పక్కనే సన్నటి గట్ల మీద పరిచి, ఎండాక ముక్కలు కోసి అమ్మేవాళ్లు. ఆశకొద్దీ గుంటలు వెడల్పు చేసి గట్లు సన్నం చేస్తూ పోతే 1776లో, 1825లో వచ్చిన తుపాను వరదలకి ఆ గట్లు కొట్టుకుపోయాయి. బ్యూలాకె అనే ఊరికి ఊరే నీళ్ల పాలయింది, ఇప్పుడు అక్కడ ఉన్నది సరస్సు. అక్కడి నేషనల్ పార్కు వేర్‌రిబ్బెన్-వీడెన్ అంటే ఇదీ. ఆ కష్టాన్నంతా ఒక్క "వెనిస్" మాటతో తుడిచేసి, బస్సు దిగి గంట పడవెక్కి, వెళ్లిపోతారు. అదే ప్రాంతంలో కాలెన్‌బర్గ్ ఉంది. కాలవ గట్టునే సైకిల్ దారి, ఇటు ఇళ్లు, అటు రెల్లు. చలికాలంలో కోసిన ఆ రెల్లే ఇళ్ల కప్పులకి పోతుంది. టూరిస్టు బస్సులు అక్కడికి పెద్దగా రావు, అందుకని రీల్స్ కూడా రావు.

విమర్శించడం తేలిక, నువ్వు చెప్పు అంటారు. చెప్తున్నా. రైల్లో స్టేన్‌వైక్‌లో దిగండి. మొదటి రోజు కాలెన్‌బర్గ్, ఓసెన్‌జైల్, గీత్‌హోర్న్ చుట్టి స్టేన్‌వైక్‌కే రండి. గీత్‌హోర్న్‌కి సాయంత్రం వెళ్లండి, బస్సులు పోయాక. రెండో రోజు ద్రెంత్స్-ఫ్రీసె వోల్డ్ అడవి గుండా ఆపెల్స్‌ఖా. మూడో రోజు ఫోఖ్తెలోయర్‌వేన్‌లో సగం పూట గడిపి, వేన్‌హైజెన్ మీదుగా అస్సెన్, అక్కడ రైలు. రెండో రోజూ మూడో రోజూ ఈశాన్యం వైపే, గాలి వీపు మీద. రోజుకు సుమారు 30 నుంచి 45 కిలోమీటర్లు, పిల్లలతో కూడా అయిపోతుంది. ఆదివారం పల్లెల్లో కొట్లు చాలా వరకు మూసి ఉంటాయి, శనివారమే రొట్టె, పళ్లు కొని పెట్టుకోండి. పులిహోర కట్టుకెళ్తే ఇంకా మంచిది. గడ్డిలో కూర్చుంటే రాత్రికి మోకాళ్ల వెనక, చంకల్లో పిడుజులు చూసుకోండి, లైమ్ జబ్బు వాటి నుంచే వస్తుంది. తోలు దగ్గర చిమ్టాతో పట్టుకుని నిటారుగా లాగాలి, నూనె పూయకూడదు. ఎదురుగా పెద్ద కొమ్ముల పశువులు దారికి అడ్డంగా పడుకుంటే 25 మీటర్ల దూరంలో ఆగండి, దూడ ఉంటే ఇంకా దూరం.

ఐంధోవెన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఆ దేశంలోకెల్లా పెద్ద వెన్, అంటే హీదర్ అనే పొట్టి పొదలు పెరిగే మైదానంలోని మడుగు, బోవెన్. అది మీ ఊరి పక్కనే స్త్రాబ్రెఖ్త్సె హైదెలో ఉంది. ఇంటి నుంచి సైకిల్ మీద పోయి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. ఐదేళ్లుగా ఉంటూ పేరు కూడా విననివాళ్లని చూస్తే కోపం కాదు, బాధేస్తుంది.

గ్రూపు అడ్మిన్ గారూ, ఆగస్టు నడిమికి హీదర్ ఊదా రంగు పూత మొదలవుతుంది, ఆ సెలవుల్లో మీ పిన్ నమ్మి పిల్లలతో బయల్దేరేవాళ్లు ఉంటారు. ఇవాళే తీసేయండి.