జీవిత పరమార్థం రెండు రోజుల్లో, భోజనంతో సహా

మిర్చి బజ్జీల బండి పెట్టాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. ఆటో తోలాలంటే లైసెన్సు కావాలి. క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు తగిలించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్లో పేరుండాలి. లైఫ్ కోచ్ కావడానికి ఒక బ్లేజరు, ఒక కాలర్ మైకు చాలు. బతుక్కి అర్థం చెప్పే పనిని సర్కారు ఇంత నమ్మకంగా పౌరులకే వదిలేసింది. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సింది కొత్తగా ఈ రంగంలోకి దిగేవాళ్లే కాబట్టి, వాళ్ల కోసం కొన్ని సాంకేతిక సూచనలు.

ముందు 99 రూపాయల వెబినార్ పెట్టండి. ఊరికే పెట్టొద్దు. ఊరికే వచ్చినవాడు కూర ఎక్కడ మాడుతుందోనని మధ్యలో లేచిపోతాడు, 99 కట్టినవాడు కూర మాడినా కూర్చుంటాడు. గంటన్నరలో గంటకు పైగా మీ పాత కష్టాలు చెప్పండి: అప్పులవాళ్లు, అద్దె ఇల్లు, పెళ్లిలో చుట్టాలు అన్న మాటలు. ఆ తర్వాత నేరుగా కారు ఫొటో. మధ్యలో ఏం జరిగిందో మాత్రం చెప్పకండి, అది రెండు రోజుల వర్క్‌షాపు సిలబస్. ధర 25,000, ఈ రాత్రి 12 లోపు కడితే 4,999. రాత్రి 12 రేపు కూడా అవుతుందన్న సంగతి ఎవరికీ తట్టదు. దీనిపైన 18 శాతం జీఎస్టీ విడిగా వేస్తే పరమార్థానికి ఒక అధికారిక కళ వస్తుంది.

హాలు దొరికాక అంకెలు కావాలి. అంకెలు విదేశాల నుంచి రావాలి. వీటన్నిట్లో గట్టిది ‘ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుంది’ అన్నది. దీనికి మూలపురుషుడు మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ చేయించుకున్న పేషెంటుకు అద్దంలో కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. దారిలో ‘కనీసం’ రాలిపోయింది, ఆపరేషన్ కూడా రాలిపోయింది, 21 మాత్రం క్షేమంగా అమీర్‌పేట చేరింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించి, సగటున 66 రోజులు పడుతుందని తేల్చింది. ఆ లెక్క మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా మారింది; పన్నెండు వారాలు దాటినవి అంచనా కట్టినవి. నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామం సతాయించింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది.

ఈ చివరి వాక్యాన్ని హాల్లో పొరపాటున కూడా చదవకండి. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటి రోజు నుంచి రావాలి, అంటే మళ్లీ రిజిస్టర్ కావాలి. ఇది మన ఆదాయం. పైగా 254 రోజులు వాట్సాప్ గ్రూపు నడపడం మానవమాత్రులకు సాధ్యం కాదు. నాలుగో రోజుకే అందులో గుడ్ మార్నింగ్ పువ్వులు పూస్తాయి, పదో రోజుకి ఎవరో ఎల్ఐసీ పాలసీ వివరాలు పెడతారు. తినగ తినగ వేము తియ్యన అన్న పెద్దలు ఎన్ని రోజులు తినాలో చెప్పలేదు. అందుకే ఇన్ని శతాబ్దాలైనా వేపాకుకు ఒక ఛాలెంజ్ లేదు, బ్యాచ్ లేదు.

యేల్ యూనివర్సిటీ 1953 బ్యాచ్ కథ కూడా చెప్పండి. అందులో 3 శాతం మందే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారట, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది ఆస్తి కలిపినా వాళ్ల ఆస్తికి సరిపోలేదట. అలాంటి సర్వే జరిగిన దాఖలాయే లేదు. జరగనిదాన్ని కాదని నిరూపించడం కష్టం కాబట్టి కథకు ఢోకా లేదు.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ని’ అనుకునే ప్రక్రియకు వందేళ్ల చరిత్ర ఉంది. ఎమిల్ కూయే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు, రోజురోజుకీ అన్ని విధాలా మెరుగవుతున్నానని పొద్దున ఇరవై సార్లు, రాత్రి ఇరవై సార్లు అనుకోమన్నాడు. లెక్క తప్పకుండా ఇరవై ముడులున్న తాడు పట్టుకోమన్నాడు. 2009లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో జోవాన్ వుడ్ దీన్ని పరీక్షకు పెట్టింది. తమ మీద తమకు గౌరవం తక్కువున్నవాళ్లు ‘నేను ప్రేమకు తగినదాన్ని’ అని పదే పదే అనుకుంటే ఇంకా దిగాలు పడ్డారు. ముందే ధీమాగా ఉన్నవాళ్లకు మాత్రం కాస్త హుషారొచ్చింది. కనుక సూచన: ధీమాగా ఉన్నవాళ్లను మొదటి వరుసలో కూర్చోబెట్టి మైకు వాళ్లకే ఇవ్వండి. దిగాలు పడినవాళ్లు ఎలాగూ స్తంభం చాటున కూర్చుంటారు.

వృత్తికి గుండెకాయ లాంటిది తల్లిదండ్రుల గురించి పిల్లలకు పెట్టే సెషన్. దీనికి సీజన్ జనవరి, ఫిబ్రవరి. ఇంటర్ పరీక్షలు దగ్గరపడి కాలేజీ యాజమాన్యాలు కంగారుగా ఉంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక లైట్లు ఆర్పించి పిల్లల్ని కళ్లు మూసుకోమనండి. వెనకాల వేణువు. ముందు అమ్మ చేతుల గురించి చెప్పి, తర్వాత నాన్న అరిగిన చెప్పుల దగ్గరికి రావాలి. ఈ వరుస తిరగేస్తే ఏడుపు ఆలస్యమవుతుంది. ఒక్కరు ఎక్కిళ్లు పెడితే చాలు, మిగతా హాలుకు అదే పాకుతుంది. వేణువు ట్రాకును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. యూట్యూబ్‌లో పెడితే సరిగ్గా అమ్మ చేతుల దగ్గర గిన్నెల సబ్బు యాడ్ వస్తుంది, చివరి వరుస ఘొల్లుమంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకుంటే లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి కాబట్టి స్విచ్‌బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. అంతమందిలో అమ్మో నాన్నో లేని పిల్లలు ఒకరిద్దరు తప్పక ఉంటారు. వాళ్లే అందరికన్నా ఎక్కువ ఏడుస్తారు. ఆ సంగతి కెమెరామన్‌కు ముందే చెప్పి ఉంచితే వీడియోకు మంచి తంబ్‌నెయిల్ దొరుకుతుంది. ఏడుపుకు ముందు అర్థంకాని రొటేషనల్ మోషన్ ఏడ్చాక కూడా అర్థం కాదు, కానీ ఆ చాప్టరు మన పరిధిలోది కాదు.

పెద్దల బ్యాచ్‌లకు నిప్పుల మీద నడక పెట్టొచ్చు. పది పన్నెండడుగుల పొడవున కట్టెలు కాల్చి, మంట పూర్తిగా ఆరి పైన బూడిద పొర కట్టేదాకా ఆగాలి. బొగ్గులోంచీ బూడిదలోంచీ వేడి నెమ్మదిగా పాకుతుంది. అడుగు నిలిచేది సెకనులో కొంత భాగమే. అందువల్ల ఓ మాదిరి నడక నడిచినవాడికి సాధారణంగా కాలదు. అదే వేడిలో ఇనప రేకు పరిస్తే ఎంత పాజిటివ్ మైండ్‌సెట్ ఉన్నా మొదటి అడుగుకే తేలిపోతుంది. పరిగెత్తితే వేళ్లు బొగ్గుల్లో దిగబడతాయి. కాళ్లు తడిగా ఉంటే కణికలు అంటుకుంటాయి. సెల్ఫీకి ఆగినవాణ్ని కాపాడే సిద్ధాంతం ఏదీ లేదు. కొమురవెల్లి మల్లన్న దగ్గర, ఊళ్లలో పీర్ల పండక్కి, ఎన్నో తరాలుగా జనం గుండం తొక్కుతూనే ఉన్నారు. అక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు, అందువల్ల ఆ విజయాలేవీ లింక్డ్‌ఇన్‌కు ఎక్కలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జపాన్ వారి ఇకిగాయ్, అంటే బతకడానికి ఒక కారణం. నాలుగు వృత్తాలు: ఇష్టమైనది, చేతనైనది, లోకానికి కావలసినది, డబ్బులొచ్చేది. ఆ బొమ్మ గీసింది స్పెయిన్ జ్యోతిష్కుడు ఆండ్రెస్ జుజునాగా. 2014లో మార్క్ విన్ అనే బ్లాగరు దాని నడిమధ్య జపాను మాట అతికించాడు. మనవాళ్ల చేత గీయిస్తే ఇష్టమైన వృత్తంలో సినిమా, డబ్బులొచ్చే వృత్తంలో జావా వస్తాయి. రెండూ ఎక్కడా తగలవు. చేతనైనది గీసే ముందు ఇంట్లో అడిగొస్తామంటారు.

అభిప్రాయాల వీడియోలు ఆదివారం సాయంత్రం అయిదు గంటలకే తీసుకోవాలి, చేతికి టీ ఇవ్వకముందే. మూడు నెలలు ఆగి తీసిన అభిప్రాయం అమ్మకానికి పనికిరాదు. డబ్బు వెనక్కి అడిగితే జవాబు సిలబస్‌లోనే ఉంది: నీ జీవితానికి నూరు శాతం బాధ్యుడివి నువ్వే. మూడు కోర్సులు చేసినా పరమార్థం దొరకనివాళ్లను కోచ్ ట్రైనింగ్‌లో చేర్చండి.

ఒక ప్రమాదం గురించి కూడా హెచ్చరించాలి. గాబ్రియెల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఆడవాళ్లను గమనిస్తే, సన్నబడ్డట్టు కమ్మగా ఊహించుకున్నవాళ్లే తక్కువ తగ్గారు. ఆమె భర్త పీటర్ గోల్విట్జర్ అయితే, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తావో ఒక్క వాక్యంలో ముందే అనుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని చూపించాడు. నిజానికి మన పూజ సంకల్పంలో ఇందులో సగం ఎప్పుడో ఉంది: శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ తిథి అన్నీ పంతులుగారే చెబుతారు, మనం ‘మమ’ అంటాం. చేయాల్సిన పని పేరు ఒక్కటే మన నోటితో చెప్పుకోవాల్సింది మిగిలింది. ‘రాత్రి కంచం కడగ్గానే చెప్పులేసుకుని వీధి చివర వేపచెట్టు దాకా నడుస్తాను’ అని. అనడానికి పది సెకన్లు పడుతుంది. హాలు అద్దెకిచ్చేవాళ్లు అరపూట కన్నా తక్కువకు ఒప్పుకోరు.